గుట్టా చెరువూ బొమ్మకెక్కిన తీరు

ప్రకృతి దృశ్య చిత్రం అంటే కొండ, చెట్టు, నీరు, ఆకాశం ఇవే అసలు విషయంగా పెట్టుకుని వేసిన బొమ్మ. అందులో మనిషి ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉన్నా ఆ చోటులో ఒక భాగంగా ఉంటాడు తప్ప కథానాయకుడిగా కాదు. చిత్రకళ వయసుతో పోలిస్తే ఈ ప్రక్రియ వయసు చాలా చిన్నది. మనిషి బొమ్మలు గీయడం నేర్చిన వేల ఏళ్లకు గానీ, ఎదురుగా ఉన్న గుట్టను గుట్ట కోసమే గీయాలన్న ఆలోచన పుట్టలేదు.

ఓరుగల్లు పరిసరాల్లోనే దీనికి సాక్ష్యం దొరుకుతుంది. జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్టల్లో, ఇసుకరాతి చరియల కింద, ఆదిమానవులు ఎర్రరంగుతో వేసిన బొమ్మలున్నాయి. వాటిలో జంతువులున్నాయి, మనుషులున్నారు, ఇప్పటికీ అర్థం తెలియని గుర్తులున్నాయి. ఆ గీతలు గీసినవాడు వెనక్కి తిరిగితే కనబడేది నిలువెత్తు రాతిగోడలు, వాటి కింద అడవి. అదేదీ బొమ్మలోకి రాలేదు. జంతువు పరుగెత్తి తప్పించుకుంటుంది, అది దొరికితేనే పూట గడుస్తుంది. గుట్ట ఎక్కడికీ పోదు. గీయవలసిన అవసరం మొదట వేటకే వచ్చింది.

కథలు చెప్పే బొమ్మల కాలం వచ్చాక ప్రకృతికి కొంత చోటు దొరికింది. అజంతా పదో గుహలో, శాతవాహనుల నాటి గోడల మీద, ఆరు దంతాల ఏనుగు జాతక కథ ఉంది. ఏనుగుల మంద తామరకొలనులో దిగి ఆడుతుంది, పక్కనే ఊడలు దించిన మర్రి ఉంటుంది. తర్వాతి శతాబ్దాల గుహల్లో మామిడి, అశోకం, పోకచెట్టు వేటికవి గుర్తుపట్టేంత స్పష్టంగా కనిపిస్తాయి. రాళ్లను మాత్రం అంచులు తేలిన దిమ్మెల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి చూపారు. కొండ ఎలా ఉందో చూసి వేసిన పద్ధతి కాదది. ఇక్కడ కొండ ఉందని చూసేవారికి తెలియజేసే పద్ధతి.

ఈ పద్ధతిని శాస్త్రంగా రాసిపెట్టిన గ్రంథం కూడా ఉంది. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ఏ దృశ్యాన్ని ఏయే ఆనవాళ్లతో చూపాలో వివరంగా చెబుతుంది. పర్వతమైతే రాళ్ల గుంపులు, శిఖరాలు, చెట్లు, సెలయేళ్లు, పాములు ఉండాలి. అడవి అయితే రకరకాల చెట్లు, పక్షులు, మృగాలు కనబడాలి. నీళ్లలో చేపలు, తాబేళ్లు, తామరలు ఉండాలి. ఆకాశాన్ని ఎగిరే పక్షులతో చూపాలి. ఋతువులకు, రాత్రికి, తెల్లవారుజాముకు కూడా ఇలాంటి గుర్తులే ఉన్నాయి. ఆ గుర్తుల పట్టిక చేతిలో ఉంటే చిత్రకారుడు ఊరు దాటకుండానే హిమాలయం వేయగలడు. కానీ ఫలానా ఊరి ఫలానా గుట్ట, ఫలానా పొద్దున ఎలా ఉందో వేయాలంటే ఆ పట్టిక పనికిరాదు. భారతీయ చిత్రకారుడు ప్రకృతిని పట్టించుకోలేదనడం అన్యాయం. పట్టించుకున్నాడు, కాకపోతే కథకు సాక్షిగా నిలబెట్టాడు.

కాకతీయుల ఓరుగల్లులో చిత్రకళకు కొదవ లేదు. వినుకొండ వల్లభరాయని పేరుతో ప్రసిద్ధమైన క్రీడాభిరామం ఆ నగరంలో మాచల్దేవి ఇంటి చిత్రశాల గురించి చెబుతుంది. అక్కడి బొమ్మలు పురాణాల్లోని శృంగార ఘట్టాలు. సూర్యాపేట జిల్లా పిల్లలమర్రి గుడిలో ఆ కాలపు రంగుల జాడ కొంత మిగిలింది, అదీ సముద్రమథన కథే. పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువులు తవ్వించిన కాలమది. నేల వాలు చూసి, రెండు గుట్టల నడుమ కట్ట పోసి నీళ్లు నిలిపిన ఆ పనివాళ్లకు భూమి రూపం అరచేతి గీతలంత తెలుసు. ఆ తెలివి కట్టలోకి, తూములోకి, మత్తడిలోకి వెళ్లింది. బొమ్మలోకి రాలేదు. తర్వాత విజయనగర కాలంలో, 16వ శతాబ్దంలో, లేపాక్షి మండపం కప్పు మీద కిరాతార్జునీయం వేసిన చిత్రకారులూ ఈ దారిలోనే నడిచారు. అడవిపంది ఉంది, అర్జునుడున్నాడు, అడవికి మాత్రం కొన్ని చెట్లతో సరిపెట్టారు.

ఈ సంప్రదాయం ఓరుగల్లు నేల మీద నేటికీ బతికి ఉన్న రూపం చేర్యాల నకాషీ పటచిత్రం. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది, 2016 దాకా వరంగల్ జిల్లాలోనిదే. నూలుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పెట్టి ఆరబెడతారు. గుడ్డ గట్టిపడి నున్నగా తేలాక కుంచెతో గీతలు గీస్తారు. ఒకప్పటి పటాలు చాలా బారుగా ఉండేవి. కథకులు ఊరూరా తిరిగి, పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ రాత్రంతా కథ చెప్పేవారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబితే, రజకులకు మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం చెప్పేవాళ్లు వేరే ఉండేవారు. ఒక్కో కులానికి ఒక్కో పటం.

ఆ పటంలో ఆకాశం ఎక్కడుందని వెతికితే దొరకదు. బొమ్మల వెనక చోటంతా ఎర్రరంగే. పొద్దున జరిగిన కథైనా, అర్ధరాత్రి జరిగిన కథైనా, అడవిలోనైనా, అంతఃపురంలోనైనా వెనక అదే ఎరుపు. చెట్టు ఉంటుంది, కానీ అది రెండు ఘట్టాల మధ్య గోడగానో, ఇది అడవి అని చెప్పే పలకగానో నిలబడుతుంది. దూరంగా ఉన్నది చిన్నగా, దగ్గరున్నది పెద్దగా కనబడే లెక్క ఇక్కడ చెల్లదు. కథలో పెద్దవాడే బొమ్మలో పెద్దవాడు. దీపం వెలుగులో, పది గజాల అవతల కూర్చున్న జనానికి కనబడాల్సిన బొమ్మకు ఇంతకంటే పనికొచ్చే ఏర్పాటు లేదు. దీన్ని చేతకానితనం అనుకున్నవాళ్లు ఆ పటం దేనికోసం పుట్టిందో తెలియనివాళ్లే.

దక్కను సుల్తానుల ఆస్థానాల్లో మాత్రం ప్రకృతి మరో విధంగా విచ్చుకుంది. 17వ శతాబ్దం మొదట్లో బీజాపూర్‌లో వేసిన ఒక చిత్రం ఇప్పుడు డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. యోగిని గోరువంకతో మాట్లాడుతూ నిలబడి ఉంటుంది. ఆమె చుట్టూ మనిషంత ఎత్తున పూలమొక్కలు, వెనక కొండ మీద తెల్లటి కోట. ఎక్కడా లేని తోట అది, కలలో చూసినట్టుంటుంది. ఆ తర్వాత మచిలీపట్నం తీరంలో తయారై ఐరోపాకు ఎగుమతైన కలంకారీ దుప్పట్ల మీద ఒక రాళ్లమిట్ట, దాని మీంచి మెలికలు తిరుగుతూ లేచిన పూలచెట్టు వచ్చాయి. కథ లేదు, దేవుడు లేడు, చెట్టే బొమ్మంతా. పరదేశి కొనుగోలుదారు రుచికోసం మారిందనుకున్నా, తెలుగు చేతిలో చెట్టు ఒంటరిగా నిలబడ్డ మొదటి సందర్భాల్లో ఇదొకటని ఒప్పుకోవాలి.

ప్రకృతి దృశ్యాన్ని అన్నిటికంటే ముందు పీటమీద కూర్చోబెట్టినది చైనా. క్రీ.శ. 1000 ప్రాంతంలో ఫాన్ క్వాన్ వేసిన చిత్రంలో కొండ పటమంతా నిండిపోతుంది, కింద గాడిదలను తోలుకుపోయే బాటసారులు చీమలంత ఉంటారు. 1072లో గువో షీ ‘తొలి వసంతం’ వేశాడు. కొండను కింది నుంచి పైకి చూడటం, ముందు నుంచి లోలోపలికి చూడటం, దగ్గరి కొండ మీంచి దూరపు కొండలను చూడటం అని చూపులు మూడు రకాలని అతడి బోధ. అంతకన్నా ముఖ్యమైన సంగతి, పట్టుగుడ్డ మీద రంగు తాకకుండా వదిలేసిన చోటు. అదే మంచు, అదే దూరం. ఈ ఖాళీ చాలా కాలం తర్వాత తెలంగాణ దాకా వచ్చింది.

ఐరోపా ఆలస్యంగా మేల్కొంది. ఇటలీలో సియెనా నగర సభామందిరం గోడ మీద 1338–39లో చిత్రకారుడు లోరెంజెట్టి పొలాలు, కొండలు పరిచాడు గానీ, అది మంచి పాలన వల్ల కలిగే మేలు చెప్పడానికి. 17వ శతాబ్దంలో హాలండ్ వ్యాపారులు తమ ఇళ్లలో పెట్టుకోవడానికి చిన్న చిత్రాలు కొనడం మొదలుపెట్టారు. రాజు, చర్చి అడిగితేనే బొమ్మ వేసే రోజులు పోయి, అంగట్లో అమ్ముడుపోయే బొమ్మలొచ్చాయి. రైస్‌డాల్ వంటి చిత్రకారులు పల్లపు నేల, దాని మీద మూడొంతుల మబ్బుల ఆకాశం వేసి బతకగలిగారు. అయినా ఫ్రాన్సు అకాడమీ తరఫున 1667లో ఫెలిబియాన్ రాసిన వరుసలో చారిత్రక, పౌరాణిక చిత్రానిదే పెద్దపీట, ప్రకృతి దృశ్యానిది దాదాపు అట్టడుగు. కొండ ఎంత బాగున్నా ఒక మూల ఓ గ్రీకు దేవతను పెడితేనే గౌరవం.

ఆ అడ్డు తొలగించడంలో ఇంగ్లాండు చిత్రకారుడు కాన్‌స్టేబుల్‌ది పెద్ద చెయ్యి. తన ఊరి ఏటిలో గడ్డిబండి దిగిన దృశ్యాన్ని ఆయన 1821లో ప్రదర్శించాడు. 1824లో పారిస్‌లో దానికి బంగారు పతకం వచ్చింది. ఆ దేశపు మరో చిత్రకారుడు టర్నర్ ఇంకా ముందుకెళ్లి 1844లో వానలో దూసుకొస్తున్న రైలును పొగగా, వెలుగుగా కరిగించాడు. మధ్యలో ఒక చిన్న వస్తువు పెద్ద మార్పు తెచ్చింది. 1841లో అమెరికన్ చిత్రకారుడు జాన్ రాండ్ రంగులు నింపుకునే తగరపు ట్యూబును కనిపెట్టాడు. అంతకుముందు నూనెరంగులు పంది మూత్రాశయపు తిత్తుల్లో దాచుకోవాల్సి వచ్చేది, అవి చిట్లేవి, ఎండిపోయేవి. ట్యూబు వచ్చాక చిత్రకారుడు రంగుల పెట్టె భుజాన వేసుకుని పొలం గట్టుకు వెళ్లగలిగాడు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే, అతడి మిత్రులు 1874లో పారిస్‌లో ప్రదర్శన పెట్టినప్పుడు గోడలమీద వేలాడింది ఆరుబయటి వెలుగే.

భారతదేశంలో ఎదుటి దృశ్యాన్ని చూసింది చూసినట్టు వేసే అలవాటు ఈస్టిండియా కంపెనీ పాలనతో వచ్చింది. ఆంగ్ల చిత్రకారుడు విలియం హాడ్జెస్ 1780లో మద్రాసులో దిగాడు. ఆ తర్వాత థామస్, విలియం డేనియల్ అనే చిన్నాన్న, అన్నకొడుకు దేశమంతా తిరిగి, లండన్‌లో 1795 నుంచి 1808 దాకా 144 చిత్రాలు అచ్చేశారు. వాళ్ల దక్షిణ యాత్ర మద్రాసు, మైసూరు, మధుర దిక్కుగా సాగింది. ఓరుగల్లు వాళ్ల దారిలో లేదు. తెలుగు నేలకు ఎక్కువ సంబంధించినవాడు కాలిన్ మెకంజీ. ఆయన చిత్రకారుడు కాదు, సర్వేయరు. 1790లలో నిజాం రాజ్యంలో కొలతల పనిచేశాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి తెలుగు సహాయకులతో శాసనాలు, కైఫియత్తులనే ఊళ్ల చరిత్రలు సేకరించాడు. కోటలు, కొండలు, గుళ్లు ఎలా ఉన్నాయో గీయించాడు. కొండను గీసింది దానిమీది కోటను తెలుసుకోవడానికే కావచ్చు. అయినా కథ చెప్పే బాధ్యత నుంచి కొండకు విడుదల దొరికింది ఈ కొలతల కాగితాల మీదనే. అందంకోసం కాకుండా అధికారంకోసం జరిగిన పని ఇది, ఈ చరిత్రలో దాచకుండా చెప్పవలసిన భాగం.

తెలుగు చిత్రకారుడు ఆ విద్యను తనదిగా చేసుకున్నది రాజమండ్రిలో. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగులు వేసేవాడు. విద్యార్థుల్లో బొమ్మలు గీసే కుర్రాళ్లను ఏరి దగ్గరికి తీసేవాడు. వారిలో అడివి బాపిరాజు ఒకరు. 1897లో పుట్టిన దామెర్ల రామారావు మరొకరు. రామారావును 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించడంలో కూల్డ్రే ప్రోత్సాహమే ప్రధానం. చదువు ముగించి వచ్చి 1923లో రాజమండ్రిలోనే చిత్రకళాశాల నెలకొల్పాడు. పురాణ చిత్రాలు, స్త్రీమూర్తులు ఆయనకు పేరు తెచ్చిన మాట నిజమే. కానీ గోదావరి, దాని వెనక కొండల వరుస, గట్టుమీది చెట్లు ఆయన నీటిరంగుల్లో పొందిన స్థానం తెలుగు చిత్రకళలో అంతకుముందు లేదు. 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయేనాటికి ఆయనకు ఇంకా 28 నిండలేదు. ఆయన బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరుమీద ఉన్న చిత్రశాలలో చూడవచ్చు.

నిజాం రాజ్యంలో దారి వేరుగా సాగింది. హైదరాబాద్‌లో చిత్రకళా పాఠశాల 1940ల మొదట్లో వచ్చింది. అందులో చదివినవాడు కొండపల్లి శేషగిరిరావు. అప్పటి వరంగల్ జిల్లా మానుకోట తాలూకా పెనుగొండలో 1924లో పుట్టాడు. హైదరాబాద్ ప్రభుత్వ అధికారి మెహదీ నవాజ్ జంగ్ అండతో శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నాడు. నందలాల్ 1924లో రవీంద్రనాథ్ ఠాగూర్ వెంట చైనా వెళ్లివచ్చినవాడు, అక్కడి కుంచె విద్య ఎరిగినవాడు. ఆ విధంగా చైనా కొండల ఖాళీ శాంతినికేతన్ మీదుగా పెనుగొండ కుర్రవాడి కుంచెకు అందింది.

శేషగిరిరావు శకుంతల, దమయంతి వంటి పౌరాణిక చిత్రాలకు ప్రసిద్ధుడు. 1975 ప్రపంచ తెలుగు మహాసభల తెలుగుతల్లి రూపం కూడా ఆయన గీసిందే. వాటితో పాటు హైదరాబాద్ చుట్టుపక్కల బండలను ఆయన విడవకుండా గీశాడు. తెలంగాణ నల్లరాయి సుమారు 250 కోట్ల ఏళ్లనాటిది. ఎండావానలకు అంచులు రాలి గుండ్రపు గుండ్లుగా మారి, ఒకదాని మీద ఒకటి ఇప్పుడో అప్పుడో దొర్లేలా నిలబడుతుంది. బొమ్మలో ఇది చాలా మొండి వస్తువు. చెట్టుకు ఆకులుంటాయి, ఏటికి కదలిక ఉంటుంది. బండకు ఏమీ ఉండదు. నీటిరంగుల్లో దాన్ని వేసేటప్పుడు ఎండ పడే వైపు కాగితాన్ని తెల్లగా వదిలేయాలి. నీడవైపు తడిగా ఉండగానే నీలం, గోధుమ రంగులు కలిసేలా తాకాలి. కింద నేల మీది ఎర్రమన్ను రంగు బండ పొట్టకు కొంచెం ఎక్కాలి, లేకపోతే గుండు గాలిలో తేలుతుంది. రెండు గుండ్లు ఆనుకున్న చోట ఒక్క నల్లటి సందు చాలు, బరువంతా అక్కడ తెలిసిపోతుంది. ఎక్కువ గీస్తే రాయి మెత్తబడుతుంది. వదిలేయడం తెలిసినవాడికే తెలంగాణ గుట్ట లొంగుతుంది. శేషగిరిరావు చదువు ఇక్కడ అక్కరకొచ్చింది. 2012లో ఆయన మరణించాడు. పౌరాణిక చిత్రాలకు దొరికిన ప్రచారం ఈ బండలకు దొరకలేదన్నది తెలుగు విమర్శకులు తీర్చుకోవలసిన బాకీ.

తర్వాతి తరంలో ఇద్దరిని చెప్పుకుంటే చాలు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ బరోడాలో ముద్రణ కళ నేర్చుకుని, నలుపు తెలుపుల్లో పల్లెను చెక్కాడు. చెట్టు, మేక, మనిషి ఒకే నరాలతో అల్లినట్టుంటాయి. అది కళ్ల ముందరి పల్లె కాదు, జ్ఞాపకంలో బుసలు కొట్టే పల్లె. అదే ఏడాది మధిరలో పుట్టిన సూర్యప్రకాశ్ నీటిమీద చూపు నిలిపాడు. చెరువులు, నీళ్లమీద రాలిన ఆకులు, వాటి కింద కదిలే నీడలు ఆయన విషయం. ఫ్రాన్సులో మోనే తన తోటలోని కలువల కొలనును ఏళ్ల తరబడి వేసిన పట్టుదలే ఈయనలోనూ ఉంది. పటంలో ఆకాశం కనబడదు, నీళ్లలోని దాని ప్రతిబింబమే కనబడుతుంది. 2019లో మరణించేదాకా ఆయన చెరువును వదల్లేదు. చెరువులు కట్టిన కాకతీయుల నేలలోని మధిర బిడ్డ చెరువును బొమ్మకెక్కించడానికి 20వ శతాబ్దం దాకా ఆగవలసి వచ్చింది.

ఇప్పుడు గుట్టలే తగ్గిపోతున్నాయి. కరీంనగర్ పరిసరాల గోధుమవన్నె గ్రానైటు దిమ్మెలుగా కోసి ఓడలకెక్కుతోంది, దానికి పెద్ద కొనుగోలుదారుల్లో చైనా ఒకటి. కొండను వెయ్యేళ్ల కిందట పూజగా గీసిన దేశానికే తెలంగాణ కొండ పలకలై వెళ్లడం చరిత్ర వేసిన వెటకారం. హైదరాబాద్‌లో రాళ్లను కాపాడాలని 1996లో ఒక సంఘం ఏర్పడింది, కొన్ని శిలలు వారసత్వ జాబితాకెక్కాయి. పోయే గుట్టను ఫోటో తీసి ఉంచితే చాలదా అనొచ్చు, అయితే ఫోటోకూ బొమ్మకూ ఇక్కడ తేడా ఉంది. ఫోటో గుట్ట ఉండేదని చెబుతుంది. గంటసేపు ఎదురుగా కూర్చుని గీసినవాడికి ఆ గుట్ట కట్టుబడి తెలుస్తుంది.

తెలుగు బడుల్లో పిల్లవాడికి ప్రకృతి దృశ్యం వేయమంటే వేసేది ఒక్కటే. రెండు ముక్కోణపు కొండలు, నడుమ సగం సూర్యుడు, అక్కడి నుంచి ఏరు, గట్టున గుడిసె, కొబ్బరిచెట్టు. ఓరుగల్లు పక్కనున్న హసన్‌పర్తి పిల్లవాడూ ఇదే వేస్తాడు, అతడి చుట్టూ ఉన్నవి తాటిచెట్లు అయినా సరే. చిత్రసూత్రపు గుర్తుల పట్టిక కనీసం పండితులు ఆలోచించి రాసింది. ఈ పట్టికను ఎవరూ రాయలేదు, అయినా ప్రతి నోటుబుక్కులో ఉంది. హసన్‌పర్తి మండలంలో, కరీంనగర్ రోడ్డు పక్కన, ఏటా జాతర జరిగే వెంకటేశ్వరస్వామి గుడితో ఎర్రగట్టు గుట్ట ఉంది. అది ముక్కోణం కాదు. డ్రాయింగ్ మాస్టార్లు నెలకో పీరియడ్ పిల్లలను దాని ముందు కూర్చోబెట్టి, కనబడిందే వేయించాలి. రంగులు లేకపోతే పెన్సిలు చాలు.